ఎర్ర బోయా దాటిపోయిన సరంగమ్మ

మా రేవు విచారణ సంఘం ఒక పూటంతా కూర్చుని, తెప్పించిన టీలన్నీ తాగి, చివరికి తిమింగలమే వచ్చి ఓడని గుద్దిందని తేల్చింది. ఓడ తన దారిన తాను పోతోంది. తిమింగలం అటూ ఇటూ చూసుకోకుండా అడ్డం వచ్చింది. చనిపోయిన కారణంగా దాని వాంగ్మూలం తీసుకునే వీలు లేకపోయింది. అందుకు సంఘం తన విచారం వెలిబుచ్చింది.

ఈ తీర్పు చదువుతున్నప్పుడు ఆ గదిలో నవ్విన మనిషి ఒక్కతే. వెనక వరసలో తడి బూట్లతో కూర్చుని ఉంది.

"అది పుట్టిందే అక్కడండీ. ఓడే దాని ఇంట్లోకి వెళ్ళింది," అంది.

సంఘం వారు ఆ మాట నమోదు చేసుకోలేదు. బూట్ల నుంచి కారి నేల పాడుచేసిన నీళ్ళ గురించి మాత్రం ఒక వాక్యం రాసుకున్నారు.

ఆమెని రేవులో అందరూ సరంగమ్మ అంటారు. పైలట్ బోటుకి సరంగు. ఇక్కడ పైలట్ అంటే విమానం నడిపేవాడు కాదు. సముద్రం మీంచి వచ్చే ఓడకి రేవు దారి తెలీదు. ఎక్కడ లోతుందో, ఎక్కడ రాయుందో తెలిసిన మనిషి ఒకరు ఇక్కడి నుంచి ఎదురువెళ్ళి, నడుస్తున్న ఓడ పక్కన వేలాడే తాళ్ళ నిచ్చెన పట్టుకుని పైకెక్కి, దాన్ని లోపలికి తీసుకురావాలి. ఆయన పైలట్. ఆయన్ని నిచ్చెన దాకా చేర్చే చిన్న బోటుకి చుక్కాని పట్టేది సరంగు. బోటు జానెడు ముందుకి జరిగితే పైలట్ కాలు నలుగుతుంది. జానెడు వెనక్కి తగ్గితే పైలట్ నీళ్ళలో ఉంటాడు. అందుచేత బోటు ఎక్కడ నిలవాలి, నిచ్చెన కిందికి ఎప్పుడు చేరాలి అన్న విషయంలో సరంగు మాటకి ఎదురు లేదు. ఈ సంగతి ఏ నిబంధనల్లోనూ రాసి లేదు. అందుకే ఇంతవరకూ ఎవరూ మీరలేదు.

ఆమె తండ్రి కూడా ఇదే బోటుకి సరంగు. ఆయన తరవాత చుక్కాని ఎవరికివ్వాలని పెద్దవాళ్ళు కూర్చుని ఆలోచిస్తుండగా, చిన్న కూతురు వెళ్ళి దాన్ని పట్టుకుంది. ఆలోచన ముగిసేసరికి బోటు రేవు దాటింది. పెద్ద కూతురు అంతకంటే ముందుచూపు గల మనిషి. పైలట్‌నే పెళ్ళి చేసుకుంది. అలా మా సీనియర్ పైలట్ గారు సరంగమ్మకి బావ అయ్యారు.

బావగారిది భారీ విగ్రహం, సుకుమారమైన కడుపు. ఎంతటి ఓడనైనా చంటిపిల్లని పక్క మీద పడుకోబెట్టినట్టు గట్టు పక్కన పెట్టగలరు. చిన్న బోటులో కాసేపు కూర్చుంటే మాత్రం మొహం నిమ్మపండు రంగుకి తిరుగుతుంది. జేబులో ఎప్పుడూ అల్లం ముక్క ఉంటుంది. నిచ్చెనెక్కి ఓడ మీద కాలు పెట్టగానే మళ్ళీ మనిషిలో పడతారు. ఈ రహస్యం రేవులో తెలియనివాళ్ళు లేరు కనుక దాన్ని అందరూ రహస్యంగానే ఉంచారు.

తీర్పు పొందిన ఆ తిమింగలాన్ని రేవులోకి తెచ్చింది కూడా పాపం బావగారే. ఆ రోజు ఓడ ఎక్కేసరికి దాని కెప్టెన్ చిర్రుబుర్రులాడుతున్నాడు. రేవు కనపడినప్పటి నుంచి ఓడ వేగం అందుకోవడం లేదు. ఇంజనీరుని పిలిచి తిట్టాడు. ఇంజనీరు ఇంజను తప్పేమీ లేదన్నాడు. అయితే ఓడ అడుగున నాచు పట్టి ఉంటుందనుకుని రంగులు వేసిన వాళ్ళని తిట్టాడు. బావగారు ప్రవాహం ఎదురుగా ఉందేమోనన్నారు. ఇంతమంది చదువుకున్నవాళ్ళు, ఇన్ని యంత్రాలు, ఇన్ని తిట్లు. ఓడ ముక్కు కింద ఏముందో మాత్రం పైనుంచి ఎవరికీ కనపడదు. కింద బోటులో ఉన్నవాళ్ళకి కనపడుతుంది.

"బావా, మీ ఓడ ముక్కుకి అడ్డంగా తిమింగలం పిల్ల వేలాడుతోంది," అని సరంగమ్మ వైర్‌లెస్‌లో చెప్పింది.

బావగారు పైనుంచి వంగి చూశారు. ఏమీ కనపడలేదు.

"బతికుందా?" అన్నారు బావగారు.

"లేదు."

తల్లి తిమింగలం రేవు గోడ బయట మర్నాడు కూడా తిరుగుతూనే ఉంది. దాని గురించి సంఘం ఏమీ రాయలేదు. సంఘాన్ని అడిగిన ప్రశ్నలో అది లేదు.

తప్పు సంఘానిది కూడా కాదనాలి. రేవుకి ఎదురుగా, కొంత దూరంలో, సముద్రం అడుగు పైకి లేచి ఉంటుంది. దాన్ని మెరక అంటాం. ఏటా కొన్ని నెలలు తిమింగలాలు పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ మెరక మీదికి వస్తాయి. ఓడల దారి దాని మీదుగానే. రేవు వారు ఈ విషయం ఎరిగినవారే గనక, 'మెరక మీద పది నాట్ల వేగం మించవద్దని మనవి' అని ప్రకటించారు. ఓడలు ఆ మనవిని గౌరవంగా విని, అందులోని భావాన్ని మెచ్చుకుని, పదహారు నాట్లతో వెళ్ళిపోయేవి. పైలట్ ఎక్కిన ఓడ పది నాట్లు దాటకూడదు. అది మనవి కాదు, నిబంధన. కాని పైలట్ ఎక్కేది మెరక దాటాక, రేవు దగ్గర గుర్తు కోసం నీళ్ళ మీద తేలేసి కట్టిన ఎర్ర బోయా పక్కన. బోటు అక్కడ నిలవడం తాతల నాటి అలవాటు. బోయా అక్కడుంది గనక బోటు అక్కడ నిలుస్తుంది. బోటు నిలుస్తుంది గనక బోయాకి ఏటా రంగు వేస్తారు.

విచారణ ముగిసిన వారం సరంగమ్మ బోటు ఎర్ర బోయా దగ్గర ఆగలేదు.

బావగారు అల్లం ముక్క నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నారు. బోయా రాగానే బోటు నెమ్మదించడం, తాను లేచి చొక్కా సర్దుకోవడం ఆయనకి అలవాటు. ఎంతకీ నెమ్మదించకపోయేసరికి ఒక కన్ను తెరిచారు.

"మరదలా, బోయా వెనకబడింది."

"చూశాను బావా."

"మరి?"

"మెరక అవతల నిలుద్దాం ఇవాళ."

"అవతలా? అది నడిసముద్రమే! అక్కడికెళ్ళేసరికి నేనుండను."

"ఉంటావులే. బక్కెట్టు నీ కాళ్ళ దగ్గరే పెట్టాను."

బావగారు బక్కెట్టు వంక చూశారు. అది కొత్తది. అంటే ఇది అప్పటికప్పుడు పుట్టిన బుద్ధి కాదన్నమాట.

"ఎందుకే నాకీ శిక్ష? నేనేం చేశాను?"

"నువ్వేం చెయ్యక్కర్లేదు బావా. ఊరికే కూర్చో. ఎంత పెద్ద ఓడైనా నిన్ను ఎక్కించుకోవాలంటే నెమ్మదించాలా వద్దా?"

"నెమ్మదించాలి."

"నువ్వెక్కాక పది నాట్లు దాటకూడదా లేదా?"

"దాటకూడదు."

"అంతే మరి. వీళ్ళ మనవి ఎవరూ వినరు. నువ్వు ఎక్కడెక్కితే అక్కడ ఓడకి బ్రేకు పడుతుంది. ఆ బ్రేకుని నేను మెరకకి అటుపక్కకి పట్టుకెళ్తున్నా."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో తనని బ్రేకు అన్నవాళ్ళు లేరు. బావగారు అభ్యంతరం చెప్పడానికి నోరు తెరిచారు. తెరిచిన నోటికి వేరే పని పడింది.

ఆ రోజు ఓడ మెరక అవతలే నెమ్మదించి, బావగారిని దాదాపు మోసుకున్నట్టు ఎక్కించుకుని, పది నాట్లతో మెరక దాటింది. మర్నాడు ఇంకో ఓడ. ఆ మర్నాడు ఇంకోటి. తిమింగలాలు ఊపిరి విడుస్తూ, ఓడ పక్కకి రాగానే తీరిగ్గా మునిగి అవతల తేలేవి. వాటికి కావలసింది ఆ కాస్త వ్యవధే.

వారం తిరిగేసరికి అక్క ఒంటికాలి మీద లేచింది.

"ఏమే, మీ బావ చూడు, బెల్టుకి కొత్త చిల్లు పెట్టుకోవలసొచ్చింది! అన్నం చూస్తే లేచి వెళ్ళిపోతున్నాడు. నీ తిమింగలాలకి పిల్లలుంటే నాకు మొగుడు లేడా?"

"ఉన్నాడు కదక్కా. తగ్గమని డాక్టరు ఎన్నాళ్ళ నుంచి చెప్తున్నాడు? చెప్పిన మాట వినడం ఇప్పటికి మొదలెట్టాడు."

"వెటకారాలాడకు. రేపటి నుంచి బోయా దగ్గరే ఆగుతానని నా మీద ఒట్టెయ్యి."

"నీ మీద ఎందుకక్కా ఒట్టు, నువ్వు బాగుండాలి. నేను ఆగను."

అక్క బావగారి వైపు తిరిగింది. "మీరు చెప్పరేం?"

బావగారు గోడకున్న బల్లిని శ్రద్ధగా చూస్తూ, "సరంగు మాటకి ఎదురు లేదు," అన్నారు. అది ధర్మమో, నీరసమో ఇప్పటికీ తేలలేదు.

ఓడల ఏజెంట్లకి మాత్రం నీరసం లేదు. ప్రతి ఓడా ఆలస్యంగా గట్టు చేరుతోందని, సరంగు ఒకామె సముద్రాన్ని సొంత పెరడు అనుకుంటోందని రేవు కెప్టెన్ గారి చెవిలో జోరీగల్లా చేరారు. ఓడల రాకపోకలన్నిటికీ పెద్ద ఆయనే. ఒకప్పుడు ఓడలు నడిపిన మనిషి, ఇప్పుడు కుర్చీ నడుపుతున్నారు. మోకాళ్ళ నొప్పులు. చెడ్డవాడు కాదు. ఎవరి మనసూ నొప్పించడం ఇష్టం లేక ఎవరి పనీ చెయ్యకుండా నెట్టుకొస్తున్నారు.

సరంగమ్మనీ, సాక్షిగా బావగారినీ తన గదికి పిలిపించారు.

"చూడమ్మా, ఈ గొడవ నాకూ ఇష్టం లేదు. బోయా దగ్గర కెరటాలు ఎక్కువగా ఉన్నాయి, నిచ్చెన దగ్గర ప్రమాదమనిపించింది, అందుకే దూరం జరిగావు. అంతే కదా? అలా ఒక ముక్క చెప్పెయ్. సరంగు మాటకి ఎదురు లేదు, నేనూ అడగను. రేపటి నుంచి కెరటాలు తగ్గాయనుకుని బోయా దగ్గరికి వచ్చెయ్."

బావగారికి ప్రాణం లేచివచ్చింది. మరదలి ఉద్యోగమూ, తన కడుపూ ఒక్క అబద్ధంతో గట్టెక్కేలా ఉన్నాయి. ఆలస్యం చెయ్యకుండా అందుకున్నారు.

"కెరటాలంటే మామూలు కెరటాలా సార్! తాటిచెట్లంత లేచాయి. బోటు ఇలా నిలువునా నిలబడిపోయింది. నేను దేవుడా అన్నాను. మరదలేమో..."

కెప్టెన్ గారి గది కిటికీలోంచి ఎర్ర బోయా కనపడుతుంది. వారం పొడుగునా ఆయన దాన్ని చూస్తూనే కూర్చున్నారు. ఆయనా, బావగారూ కిటికీ వైపు చూడకుండా ఉండటానికి కష్టపడుతున్నారు.

"ఊరుకో బావా," అంది సరంగమ్మ. "సార్, వారమంతా సముద్రం పళ్ళెంలో పోసిన నీళ్ళలా ఉంది. నేను దూరం జరిగింది తిమింగలాల కోసం. అదే రాసుకోండి."

"అలా రాసుకుంటే నీ చేతిలోంచి బోటు తీసెయ్యాలమ్మా."

"తీసెయ్యండి."

"నాన్నగారి బోటు."

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. ఆ చుక్కాని కొయ్య మీద ఒకచోట చెయ్యి పట్టే మేర అరిగి గుంటపడి ఉంటుంది. తండ్రి చెయ్యి ఎంతవరకు అరగదీసిందో, తన చెయ్యి ఎక్కణ్ణించి మొదలుపెట్టిందో ఆమెకి కూడా తెలీదు.

"కెరటాలన్నానంటే, రేపు కెరటాలు తగ్గాయి కదా అంటారు. మళ్ళీ బోయా, మళ్ళీ పదహారు నాట్లు. నేను చెప్పను సార్."

అలా ఆమె బోటు పోయింది. కొత్త సరంగుని పెట్టారు. సరంగమ్మని ఉద్యోగంలోంచి తీసెయ్యడానికి కెప్టెన్ గారికి మనసొప్పలేదు. పైగా వైర్‌లెస్ ఆపరేటరు సెలవులో ఉన్నాడు. దాంతో ఆమెని రేవు గోపురం పైన వైర్‌లెస్ గదిలో, తలుపేసి కూర్చోబెట్టారు. చుక్కాని తీసుకుని మైకు చేతికిచ్చారు. చుక్కానితో ఒక్క బోటు మాత్రమే తిరుగుతుంది. మైకు సముద్రంలో ఉన్న ప్రతి ఓడకీ వినపడుతుంది. పరిపాలన చరిత్రలో ఇంత జాగ్రత్తగా ఆలోచించి వేసిన శిక్ష ఇంకోటి లేదు.

ఆ గదిలో కూర్చున్నవాళ్ళు రేవు వారి మనవిని ఓడలకి వినిపించాలి. పాత ఆపరేటరు దాన్ని బస్సు స్టాండు ప్రకటనలా ఒకసారి చదివి టీకి వెళ్ళేవాడు. సరంగమ్మ చదివాక వెళ్ళదు. 'మీ వేగం ఎంత?' అని అడుగుతుంది. పదిహేను అంటే మళ్ళీ చదువుతుంది. పద్నాలుగు అంటే మళ్ళీ చదువుతుంది. ఇది ఆజ్ఞా అని ఒక ఓడ కెప్టెన్ అడిగాడు. కాదు, మనవే, మీరు గట్టు చేరేదాకా మనవి చేస్తూనే ఉంటాను అంది. చేసింది కూడా. ఓడల వాళ్ళతో ఓడల భాషలోనే మాట్లాడేది. కోపం మాత్రం మన భాషలో వచ్చేది. అది అందరికీ అర్థమయ్యేది. కొంతమంది భయపడి నెమ్మదించారు. ఎక్కువమంది వైర్‌లెస్ సెట్టు కట్టేసుకున్నారు. సెట్టు కట్టేసుకోలేనిది ఒక్క పైలట్ ఎక్కే చోటు చెప్పేటప్పుడే.

ఆ సంగతి కెప్టెన్ గారికీ తెలుసు. అందుకే పెద్ద ఓడ వస్తున్న రోజున మోకాళ్ళు పట్టుకుని మెట్లన్నీ ఎక్కి స్వయంగా వచ్చి ఆమె వెనక నిలబడ్డారు. కంటెయినర్లు పేర్చుకున్న ఓడ అది, ఒక వీధికి వీధి లేచి వస్తున్నట్టుంది. మెరకకి అవతల, పదహారు నాట్ల మీద.

"రేవు, పైలట్ ఎక్కడ ఎక్కుతాడు?" అని ఓడ అడిగింది.

"బోయా అని చెప్పు," అన్నారు కెప్టెన్ గారు.

సరంగమ్మ కిటికీలోంచి చూస్తోంది. మెరక మీద తెల్లగా ఒక ఊపిరి లేచింది. పక్కనే, దానిలో సగం కూడా లేని ఇంకో ఊపిరి.

"సార్, దుర్భిణి అక్కడుంది. చూడండి."

"నేను చూడక్కర్లేదు. చెప్పు."

ఇంతలో సెట్టులో బావగారి గొంతు. కొత్త సరంగు బోటుని బోయాకి రెండుసార్లు కొట్టినట్టున్నాడు, గొంతులో ఆ కుదుపు ఇంకా ఉంది. "మరదలా, ఎక్కడ నిలవమంటావు? నువ్వెక్కడంటే అక్కడికి వెళ్తాను. బక్కెట్టు నా దగ్గరే ఉంది."

అందరికీ వినపడే సెట్టు అది. గట్టు మీద ఏజెంట్ల ఆఫీసుల్లో, చేపల పడవల్లో, ఇంటి వంటగదిలో అక్క పెట్టుకున్న పాత సెట్టులో, అంతటా వినపడింది. వంటగదిలో ఏమయిందో బావగారికి సాయంత్రం తెలిసింది.

సరంగమ్మ కుర్చీలోంచి లేచి, మైకు కెప్టెన్ గారి ముందు పెట్టింది.

"కూర్చోండి సార్."

"ఏమిటిది?"

"తల్లీ పిల్లా మెరక మీద ఉన్నాయి. వాటి మీంచి పదహారు నాట్లతో వచ్చెయ్యమని చెప్పాలి. నా నోటితో రాదు. మీకు వస్తే చెప్పండి. అదుగో, అది నొక్కి పట్టుకుని మాట్లాడాలి."

"నువ్వు ఉద్యోగివి. చెప్పమన్నది చెప్పాలి."

"చెప్పను సార్. బోటు తీసుకున్నారు, ఇచ్చాను. కుర్చీ తీసుకోండి, ఇదిగో. నోరు మాత్రం నాది."

"రేవు, పైలట్ ఎక్కడ?" అని ఓడ మళ్ళీ అడిగింది. ఓడలకి ఓపిక ఉంటుంది కాని ఆగడం ఉండదు.

కెప్టెన్ గారు కూర్చున్నారు. మైకు నొక్కారు. ఊళ్ళో సెట్టున్న ప్రతి గదిలోనూ ఆయన ఊపిరి వినపడింది. మెట్లెక్కి వచ్చిన ఊపిరి. వదిలేశారు. దుర్భిణి అందుకున్నారు. అలా చూస్తూ ఉండిపోయారు. ఆయన ఓడలు నడిపిన మనిషి. ఇంతమంది వింటుండగా ఏ మాట నోట్లోంచి వస్తే దాన్ని జీవితాంతం మొయ్యాలో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు.

మళ్ళీ నొక్కారు.

"పైలట్ మెరక బయట ఎక్కుతాడు. ఇప్పుడే వేగం తగ్గించండి."

కాగితాల మీద ఎంత తొణికినా ఆ గొంతు ఓడల వాళ్ళతో మాట్లాడేటప్పుడు తొణకలేదు. వీధి అంత ఓడ ముక్కు దగ్గర తెల్లటి నురగ సన్నబడుతూ వచ్చింది. అటు బోటు బోయాని వదిలి, కొత్త సరంగు బెదురు ఎంతో అంత వంకరగా, మెరక చుట్టూ బయల్దేరింది.

కెప్టెన్ గారు మైకు దింపి, కటువుగా, "ఇది ఈ ఒక్క ఓడకే," అన్నారు.

"రెండో ఓడకీ మీరే వచ్చి చెప్పాలి సార్. బోయా అన్నా సరే, బయట అన్నా సరే. మైకు ఎక్కడికీ పోదు."

వచ్చారు. ఆ తరవాతి ఓడకీ వచ్చారు. కింద తన గదిలో కుర్చీలోంచి బోయా అనడం ఆయనకి తేలికే. ఆ గోపురం మీద, ఆ కిటికీ ముందు, తన గొంతుతో అనడం ఒక్కసారి కూడా కుదరలేదు. సెలవు ముగించుకుని వచ్చిన పాత ఆపరేటరు, పరిస్థితి కనుక్కుని, సెలవు పొడిగించుకున్నాడు. కెప్టెన్ గారి మోకాళ్ళు వాచాయి. ఓడల మీద సెట్టు తెరిస్తే సరంగమ్మ మనవి, మూస్తే పైలట్ దొరకడు. ఎలాగూ నెమ్మదించవలసే వస్తున్నప్పుడు ఈ పోరు కూడా ఎందుకని ఏజెంట్లే ఒక విజ్ఞప్తి తీసుకొచ్చారు: సదరు ఉద్యోగిని అపారమైన అనుభవం దృష్ట్యా ఆమెను తక్షణం బోటు మీదికి, అనగా మైకుకి దూరంగా, పంపవలసిందని. ఈ విజ్ఞప్తి కింద సంతకం పెట్టినవారిలో కొత్త సరంగు కూడా ఉన్నాడు.

కెప్టెన్ గారు ఆమెని గదికి పిలిచారు. ఈసారి కిటికీ తెర వేసి ఉంచారు.

"బోటు తీసుకో అమ్మా."

"ఎక్కడ నిలవమంటారు?"

"నన్నడగకు."

"అడక్కపోతే మళ్ళీ విచారణ అంటారు. బోయా దగ్గరికైతే రాను. ముందే చెప్తున్నా."

"సరంగు మాటకి ఎదురు లేదు," అన్నారు కెప్టెన్ గారు తలపట్టుకుని. "ఇక వెళ్ళు. ఆ బూట్లు గుమ్మం బయట విప్పి వస్తే ఏం పోయిందమ్మా?"

ఎర్ర బోయా ఇప్పటికీ అక్కడే ఉంది. ఏటా రంగు వేస్తారు. సముద్రపు కాకులు దాన్ని పూర్తిగా స్వాధీనం చేసుకున్నాయి. ఏజెంట్లు ప్రతి ఏడూ తిమింగలాల కాలం మొదలవగానే ఒకసారి గొణుగుతారు, ఆమె వినిపించుకోదు. బావగారి బెల్టు ఇంకో చిల్లు బిగిసింది. అక్క ఇప్పుడు దాన్ని తన గొప్పగా చెప్పుకుంటోంది.

మొన్న కొత్తగా వచ్చిన ఓడ కెప్టెన్ ఒకాయన, మెరక బయట నిచ్చెన దింపుతూ, వైర్‌లెస్‌లో కాస్త విసుగ్గానే అడిగాడు: రేవు అంత దూరంలో ఉంటే పైలట్‌ని ఇక్కడే ఎందుకు ఎక్కిస్తున్నారని.

బావగారు నిచ్చెన మీద సగంలో ఉన్నారు, జవాబు చెప్పే స్థితిలో లేరు. సరంగమ్మ ఒక చేత్తో చుక్కాని పట్టుకుని, రెండో చేత్తో మైకు అందుకుంది.

"ఇక్కణ్ణించి ఇల్లు మొదలండీ. లోపల పిల్లలున్నారు. మెల్లిగా రావాలి."

"ఇది ఆజ్ఞా?"

"మీ ఓడెక్కుతున్నాడు చూడండి, ఆజ్ఞ," అంది.